డ్యాష్‌బోర్డులో జారే కారు బొమ్మ వెలిగితే ఏం చేయాలి?

మాక్లూర్: నాట్ల టైంలో ట్రాక్టర్ చక్రాల బురద రోడ్డెక్కుతుంది. దానిపై వాన పడితే కారు టైర్లు జారుతాయి. అప్పుడు డ్యాష్‌బోర్డులో వంకర గీతలున్న కారు బొమ్మ పసుపు రంగులో మెరుస్తుంది. భయపడొద్దు. అది ట్రాక్షన్ కంట్రోల్. జారే చక్రానికి బ్రేకు వేసి, ఇంజిన్ జోరు తగ్గించి బండిని పట్టి ఉంచుతుంది. మీరు యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేస్తే చాలు.

అదే లైటు ఆరకుండా వెలుగుతుంటే సిస్టమ్ పనిచేయట్లేదని అర్థం. ఆఫ్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. లేకుంటే బండి పక్కకు ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. అయినా ఆరకపోతే మెకానిక్‌కు చూపించాలి. చక్రం దగ్గరి సెన్సర్‌కు బురద పట్టినా, వైరు తెగినా ఇలా అవుతుంది.

ఏబీఎస్ లైటూ వెలిగితే మామూలు బ్రేకు పడుతుంది గానీ, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు. మెల్లగా నడపండి. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే, పిల్లాపాపలతో ముందుకు పోవద్దు. అక్కడే ఆపేయండి.