టార్చిలైటు వెలుతురును కొలుచుట

బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత చెఱకు తగ్గినది. కాని మాక్లూరు చుట్టుపట్ల వరి, పసుపు చేలకు రాత్రివేళ పోవువారు నేఁటికిని కలరు. గట్టుమీఁది పాము ముందుగాఁ గనఁబడవలెనన్న చేత మంచి టార్చి యుండవలెను. డబ్బాపై ముద్రించిన ల్యూమెనుల అంకెను జూచి మోసపోరాదు. అది దీపమునుండి వెలువడు మొత్తము కాంతి. ఒకచోఁ బడు వెలుతురునకు కొలత లక్సు.

లక్సు మీటరు ఊరంతటికి ఒక్కటి చాలును. కాంతిని గ్రహించు బిళ్ల తీగతో వేఱుగా నున్నదానిని, 20,000 లక్సుల వఱకైనఁ జూపుదానిని ఎన్నుకొనుఁడు. చౌక మీటరులు పెక్కు పాత తీగబల్బునకు సరిచేయఁబడినవి, ఎల్.ఇ.డి. దీపమునకు కొంత తేడా చూపవచ్చును. ఒకే మీటరుతో రెండు ఎల్.ఇ.డి. టార్చీలను పోల్చునపుడు ఆ తేడా రెండింటికి ఇంచుమించు సమానమే గనుక దానికై ఎక్కువ వెల పెట్టనక్కఱలేదు.

చీఁకటిగదిలో టార్చికి 5 మీటర్ల దూరమున, వెలుతురు నడుమ బిళ్లనుంచి చదువుఁడు. అంకెను 25తో గుణింపఁగా క్యాండెలా వచ్చును. 400 లక్సులైనచో 10,000 క్యాండెలాలు. దూరము రెట్టింపైన వెలుతురు నాలుగవవంతగును; ఈ లెక్కను ఆ టార్చి 200 మీటర్ల యెడ పావు లక్సు, అనఁగా పున్నమి వెన్నెలపాటి వెలుతురు, నిచ్చును. అంత దూరమునఁ బాము కనఁబడదు. అడవిపంది కదలిక తెలిసినఁ దెలియవచ్చును.

వెలిగించిన వెంటనేగాక, ఆర్పకుండ అరగంట యుంచి మఱల చదువుఁడు. మొదట మిగులఁ బ్రకాశించిన టార్చి అప్పటికి రెండవదానికంటె వెనుకఁబడి యుండవచ్చును.