ఎన్‌సీఏఏ మడి

అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ దశాబ్దాల తరబడి మడి కట్టుకుని కూర్చుంది. చదువుకుంటూ ఆడేవాడు డబ్బు ముట్టుకుంటే మైలపడతాడు. స్కాలర్‌షిప్ మైల కాదు. అదే ఆట మీద టీవీలకు, కోచ్‌లకు వచ్చే కోట్లు అసలే కావు.

ఇంతకీ ఏ డబ్బు మైల? క్రిస్ వింకీ బేస్‌బాల్‌ను ఆరు సీజన్లు జీతానికి ఆడి, పాతికేళ్ల వయసులో ఫ్లోరిడా స్టేట్‌లో చేరి ఫుట్‌బాల్ ఆడాడు. (అమెరికా ఫుట్‌బాల్ లెండి, కాలికి పెద్దగా పని ఉండదు.) 2000లో ఉత్తమ కాలేజీ ఫుట్‌బాలర్‌కిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఒక ఆటలో జీతగాడు మరో ఆటలో అమెచ్యూరేనట, ఎవరికీ అభ్యంతరం లేదు.

కొలరాడోలో ఫుట్‌బాల్ ఆడిన జెరెమీ బ్లూమ్‌దీ అదే కథ కావాలి. అతని రెండో ఆట స్కీయింగ్. 2002 ఒలింపిక్స్‌కూ వెళ్లాడు. కానీ స్కీయింగ్‌లో జీతమిచ్చే జట్లుండవు, ఖర్చులు స్పాన్సర్ల డబ్బుతోనే వెళ్లదీయాలి. జీతమైతే సరేగానీ ప్రకటనల డబ్బు కుదరదంది ఎన్‌సీఏఏ. కోర్టుకెక్కితే 2004లో అక్కడా చుక్కెదురైంది. ఫుట్‌బాల్ పోయింది.

2017లో సెంట్రల్ ఫ్లోరిడా కిక్కర్ డొనాల్డ్ డి లా హేకు యూట్యూబ్ ఆదాయం ముప్పు తెచ్చింది. డబ్బొచ్చే వీడియోల్లో తను ఆటగాడినన్న ఊసెత్తకుండా ఉంటే సరేనన్నారు. పక్క గదిలో కుర్రాడు యూట్యూబ్‌లో సంపాదిస్తే ప్రయోజకుడు, ఇతను సంపాదిస్తే అనర్హుడు! ఒప్పుకోలేదు. స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు.

నాలుగేళ్లకు కథ మారింది. 2021 జూన్ 21న సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏను ఓడించింది. ఆ కేసు చదువుకు సంబంధించిన సదుపాయాల గురించే, బయటి ఆదాయం గురించి కాదు. కానీ అప్పటికే కొన్ని రాష్ట్రాలు ఆ ఆదాయానికి వీలిస్తూ చట్టాలు చేసి కూర్చున్నాయి. ఇక ఎన్‌సీఏఏ కూడా జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చంది. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించొచ్చు.

అయితే ఎఫ్-1 వీసా వాళ్ల సంగతి వేరు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలే, బయట పని కూడదు అన్న నిబంధన మన పిల్లలకు కంఠతా వచ్చిందే. కెనడా నుంచి పర్‌డ్యూకు వచ్చిన జాక్ ఈడీకీ అదే వర్తించింది. ఏడడుగుల నాలుగంగుళాల ఈ బాస్కెట్‌బాల్ ఆటగాడు 2023, 2024ల్లో వరసగా దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు. ప్రకటనల దగ్గర మాత్రం, బెంచీ మీద కూర్చునే అమెరికన్ తోటివాడికున్న వెసులుబాటు కూడా అతనికి లేకపోయింది.