ఎండకు కరువు లేని ఊళ్లో ఎముకల కరువు

ఆడ, మగ ఎముకల తేడాలో పుట్టుకతో వచ్చింది కొంతే. మిగతాది గల్లీ, గది, కంచం తెచ్చిపెడుతున్నదే.

మే నెల మధ్యాహ్నం చార్మినార్ చుట్టూ ఎండ నిప్పులు చెరుగుతుంది. లాడ్‌బజార్‌లో మెరిసే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజులకు రాళ్లు అద్దే ఆడవాళ్లలో చాలామంది వెనక గల్లీల్లో, వెలుతురు చాలని గదుల్లో కూర్చుని పనిచేస్తారు. ఒకే ఊరి ఎండ బజారులో తిరిగే మగవాడికి అందినంతగా వాళ్లకు అందదు. ఆ తేడా చివరికి ఎముకల్లో తేలుతుంది.

పుట్టుక ఇచ్చింది ఎంత?

చిన్నతనంలో ఆడపిల్ల, మగపిల్లాడి ఎముకలకు పెద్ద తేడా ఉండదు. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ వల్ల మగవారి ఎముక వెలుపలి వైపు మందమెక్కుతుంది. ఆడవారి కటి వెడల్పవుతుంది. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి ఎముకల బలం గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన ఖర్చే ఎక్కువ. కడుపులో బిడ్డ ఎముకలకు తల్లి దాదాపు 30 గ్రాముల కాల్షియం ఇస్తుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి ఎముక వేగంగా గుల్లబారుతుంది. ఇంత భారం మోయాల్సిన శరీరానికే ఎండా తిండీ తక్కువైతే ప్రకృతి పెట్టిన చిన్న తేడా పెద్ద గండమవుతుంది.

గోడల మధ్య కటి

శ్రీనగర్‌లో పనిచేసిన డాక్టర్ కాథ్లీన్ వాఘన్ 1928లోనే ఈ సంగతి రాశారు. ఇళ్లలో మగ్గే స్త్రీల కటి ఎముకలు మెత్తబడి వంకరపోతున్నాయి, కాన్పు ప్రాణం మీదకు వస్తోంది. పడవల మీద కష్టపడి బతికే స్త్రీలు మాత్రం తేలిగ్గా కంటున్నారు అని ఆమె గమనించారు.

అతినీలలోహిత-బి కిరణాలు చర్మాన్ని తాకితేనే విటమిన్-డి తయారవుతుంది. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. నల్లని చర్మానికి మరింతసేపు ఎండ కావాలి. ఆ కిరణాలు బలంగా ఉండేది నడిమధ్యాహ్నం, అంటే వేడికి తాళలేక అందరూ నీడకు చేరే వేళ. పాతబస్తీలోని పాత దేవిడీల్లో, అంటే పెద్ద లోగిళ్లలో, నడుమ ఆంగన్ అనే ఆరుబయలు జాగా ఉండేది. గడప దాటకుండానే ఆడవాళ్లకు ఆకాశం దొరికేది. వాటాలు పడి, అంతస్తులు లేచిన చోట ఆ జాగా పోయింది.

బురఖా ఒక్కటే కాదు

నెపం బురఖా మీదకు నెట్టడం తేలిక. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. విటమిన్-డి లోపం పల్లె మగవారిలో 44 శాతం, పల్లె ఆడవారిలో 70 శాతం. పట్నంలో మగవారికి 62, ఆడవారికి 75. పల్లెల్లోనూ పదిమంది ఆడవాళ్లలో ఏడుగురికి లోపమే. పట్నం వస్తే మగవాడూ నష్టపోతున్నాడు. కాల్షియం తక్కువగా, దాన్ని ఒంటబట్టనీయని ఫైటేట్లు ఎక్కువగా ఉన్న తిండి ఈ కష్టాన్ని పెంచుతోందని కూడా వాళ్లు చూపారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 30-60 ఏళ్ల పేద స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తొడ ఎముక మెడ దగ్గర 29 శాతం మందికి ఎముక గుల్లబారే ఆస్టియోపోరోసిస్ ఉన్నట్టు తేలింది. ‘వయసు మీద పడింది, నొప్పులు మామూలే’ అని సరిపెట్టుకునే వయసు కాదది.

ఏం చేయాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగిన వారికి 1200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. అంగన్‌వాడీలోనూ రేషన్‌లోనూ రాగులకు, పాలకు చోటివ్వాలి. బస్తీ దవాఖానాకు ఒళ్లు నొప్పులతో వచ్చిన స్త్రీని నొప్పి మాత్రతో పంపేయకుండా ఎముకల సంగతి కనుక్కోవాలి. ఆడపిల్లల బడికి ఆటస్థలం, బస్తీకి ఆడవాళ్లు నిశ్చింతగా కూర్చోగల పార్కు, ఇంటికి అందరూ ఎక్కగల డాబా ఉండాలి. నగర ప్రణాళిక గీసేవారు రోడ్డు వెడల్పును లెక్కగట్టినట్టే ఆడవాళ్లకు దక్కే ఎండనూ లెక్కగట్టాలి. అది వాళ్ల ఆరోగ్య హక్కు.