ఆవిరిస్నాన యంత్రమునకు పట్టు సున్నము

ఆవిరిస్నానపు గదిలో కూర్చున్నవారికి కనబడునది తెల్లని పొగమంచు మాత్రమే. నిజమునకు ఆ తెల్లనిది ఆవిరి కాదు. ఆవిరి చల్లబడగా ఏర్పడిన సన్నని నీటితుంపర. అసలు ఆవిరి కంటికి కనబడదు. దానిని పుట్టించు యంత్రమును గోడ కవతల, ఎవరికిని కనబడని చోట ఉంచుదురు. హోటళ్లలోను, వ్యాయామశాలలలోను, ప్రకృతి చికిత్సాలయములలోను దినమునకు ఎనిమిదేసి గంటలు పనిచేయు ఈ యంత్రము మొరాయించినప్పుడు చాలమంది విద్యుత్తును అనుమానింతురు. మొదట అనుమానింపవలసినది నీటిని.

యంత్రపు నిర్మాణము సులభమే. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టిలో విద్యుత్ హీటర్లు మునిగియుండును. నీటిమట్టము తగ్గగానే సోలినాయిడు కవాటము తెరచుకొని కొత్తనీటిని లోనికి వదలును. పై గొట్టముగుండా ఆవిరి గదిలోనికి పోవును.

9 కిలోవాట్ల యంత్రము నొకదానిని తీసికొందము. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నున్న కిలోగ్రాము నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 293 కిలోజౌళ్లును, ఆవిరిగా మార్చుటకు 2257 కిలోజౌళ్లును, మొత్తము 2550 కిలోజౌళ్లు కావలెను. యంత్రము గంటకు గ్రహించు శక్తి 32,400 కిలోజౌళ్లు. భాగించి చూడుడు: గంటకు సుమారు 12.7 కిలోగ్రాముల ఆవిరి.

ఆవిరి పోవును గాని నీటిలో కరిగియున్న లవణములు దానితో పోవు. ఉప్పుమడిలో జరుగునదే ఈ తొట్టిలోను జరుగును. త్రాగునీటికి భారతీయ ప్రమాణము కోరు కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతించును. మన బోరునీటిలో 300 ఉన్నదనియు, అదంతయు తాత్కాలిక కాఠిన్యమే యనియు అనుకొందము. దినమునకు 8 గంటలచొప్పున 30 దినములు నడచిన యంత్రములో, మధ్య మధ్య నీరు వదలనిచో, మిగులు సున్నపురాయి సుమారు 900 గ్రాములు! కాచినప్పుడు కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, బొగ్గుపులుసు వాయువు పైకి పోగా, కాల్షియం కార్బొనేటు మిగులునని తరగతిలో చెప్పు పాఠమే ఇది. వంటయింటి కెటిలు అడుగున తెల్లని పెచ్చును చూపి, ఈ లెక్కను విద్యార్థులచే చేయింపవచ్చును.

పెచ్చు పట్టినచో వేడి నీటికి చేరదనియు, విద్యుత్తు వృథా యగుననియు తరచుగా వ్రాయుదురు. బొగ్గు మండించు బాయిలరు విషయమున అది సరియే. చేరని వేడి పొగగొట్టముగుండా పోవును. నీటిలో మునిగిన హీటరు సంగతి వేరు. దాని వేడికి నీరు తప్ప వేరు దారి లేదు. కనుక పెచ్చును దాటి వేడి వెలుపలికి వచ్చువరకు హీటరే మరింత వేడెక్కును. చదరపు సెంటిమీటరుకు 6 వాట్లు వెలువరించు హీటరుపై 1 మిల్లీమీటరు పెచ్చున్నచో, పెచ్చు ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 1 వాటు అనుకొని లెక్కించిన, హీటరు తలము సుమారు 60 డిగ్రీలు అదనముగా వేడెక్కును; 3 మిల్లీమీటర్లయినచో 180. కరెంటు బిల్లు పెరుగలేదు గదా యని యజమాని నిశ్చింతగా ఉండగా, లోపలి తీగె మాడిపోవును.

నీటిమట్టమును కనిపెట్టు ఎలక్ట్రోడులపైన పట్టు సున్నము మరింత ప్రమాదకరము. ఈ కడ్డీలు నీటి విద్యుద్వాహకతపై ఆధారపడి పనిచేయును. సున్నపు పొర విద్యుత్తును పోనీయదు. తొట్టి నిండియున్నను, యంత్రము నీరు లేదనుకొని కవాటమును తెరచియే యుంచును. అప్పుడు మరగునీరు ఆవిరిగొట్టములో పొంగి గదిలోనికి చిమ్మును. ఆ మూతి చాలచోట్ల కూర్చున్నవారి కాళ్లవద్దనే యుండును. యంత్రము నీళ్లు కక్కుచున్నదని ఎవరైనను చెప్పినచో, ఆ దినమున గది మూసివేయవలెను.

స్వేదన జలము పోసిన పీడ వదలును గదా యని తోచవచ్చును. వదలదు. అతిశుద్ధమైన నీటికి విద్యుద్వాహకత మిక్కిలి తక్కువ. కడ్డీలకు ఆ నీరు కనబడనే కనబడదు. అందుచేత ఇట్టి యంత్రములలో దానిని వాడరాదు. సోడియం మార్పిడిచేయు మృదుజల సాధనము సున్నమును ఆపును గాని లవణముల మొత్తమును తగ్గింపదు. నీరు చిక్కబడి నురుగు పొంగును. ఏ నీరు పోసినను, దినాంతమున తొట్టిని ఖాళీచేయుట తప్పదు. చల్లబడిన పిమ్మటనే చేయవలెను సుమా.

ఆవిరి రానప్పుడు నీటికొళాయి తెరచియున్నదా యని ముందు చూచుటలో అవమానమేమియు లేదు. పిదప కవాటము ముందున్న జల్లెడలో ఇసుక చేరినదేమో చూడవలెను. ఆవిరి వచ్చుచున్నను గది ఆలస్యముగా వేడెక్కినచో ఒక హీటరు పోయియుండవచ్చును. 230 వోల్టులపై పనిచేయు 3 కిలోవాట్ల హీటరు నిరోధము సుమారు 17.6 ఓములు, మీటరు అనంతము చూపినచో తీగె తెగినట్లే. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియనే చేయవలసిన పరీక్ష ఇది. ఆవిరిగొట్టమునకు ఎచ్చటను కవాటము పెట్టరాదు, మధ్యలో పల్లము ఉండరాదు. పల్లములో నీరు నిలిచి దారి మూసినచో తొట్టిలో ఒత్తిడి పెరుగును. రక్షక కవాటము కారుచున్నదని దానిని బిగించువారు కలరు; ముందు గొట్టమును చూచుట మంచిది.

పట్టిన పెచ్చును తీయుటకు నిమ్మఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము, చాలును. రసాయన సమీకరణము ప్రకారము 300 గ్రాముల కాల్షియం కార్బొనేటుకు 384 గ్రాములు కావలెను. కనుక ఆ 900 గ్రాములకు సుమారు 1150 గ్రాములు. ఒకేసారి చిక్కగా పోసిన కాల్షియం సిట్రేటు తెల్లని మడ్డిగా అడుగున దిగును గనుక, పలుచని ద్రావణముతో రెండు మూడు మారులు కడుగుట మేలు. బుడగలు ఆగినచో ఆమ్లము అయిపోయినదో, సున్నము అయిపోయినదో నీలి లిట్మసు కాగితము చెప్పును. త్వరగా తేలునని హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోయువారున్నారు. దానిలోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును గుంటలు పడునట్లు తినివేయును. తొట్టి కారుట కొన్ని వారముల తరువాత గాని బయటపడదు.