చెవిలో అమర్చిన అమానతు

పుట్టుచెవుడు గల బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ చేయించదలచిన తల్లిదండ్రులు మా బోయిగూడలో ముందుగా అడిగేది వుజూ, గుసుల్ సంగతి. జవాబు తేలిక. చర్మం కింది భాగం శరీరాంతర్భాగం వంటిదే. పైభాగాన్ని స్నానానికి ముందు తీసివేయవచ్చు. కష్టమైన ప్రశ్న వేరే ఉంది.

ఈ పరికరం వినికిడి యంత్రం వలె ధ్వనిని పెంచదు. చెవి వెనుక నుండే ప్రాసెసర్ ధ్వనిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. లోపలి తీగ శ్రవణనాడిని నేరుగా ప్రేరేపిస్తుంది. అంటే ఇది నాడీవ్యవస్థలోకి మానవ హస్తం ప్రవేశించడమే.

ధర్మసమ్మతమా అంటే, కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం ఉంది. ఆయన పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన కలిగించగా, బంగారు ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పురుషునికి బంగారం నిషిద్ధమే. అయినా అవసరం అనుమతినిచ్చింది. అమర్చిన వస్తువు దేహంలో ఎలా ప్రవర్తిస్తున్నదో కూడా అక్కడ లెక్కలోకి వచ్చిందని గమనించాలి. ఇంజనీర్లు ఈ హదీసు చదవదగినది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వల్ల లక్షల ఖరీదైన ఈ చికిత్స పేద బిడ్డలకూ అందింది. కేంద్ర ప్రభుత్వ పథకాన్ని మన హైదరాబాదు ప్రముఖుడు అలీ యావర్ జంగ్ పేరిట వెలసిన జాతీయ సంస్థ నిర్వహిస్తున్నది. ఇది గొప్ప మేలు. కాని శస్త్రచికిత్సతో పని ముగియదు. నెలల తరబడి మాటల శిక్షణ కావాలి. గ్యారంటీ గడువు తీరాక బ్యాటరీలు, కేబుళ్లు, పాడైన ప్రాసెసర్ ఎవరు కొనాలి? రోజుకూలీ తండ్రి కొనలేకపోతే, వినడం అలవాటైన బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలో పడతాడు.

అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అనే కృత్రిమ రెటీనాను మూడువందల యాభై మందికి పైగా అంధులకు అమర్చింది. తరువాత ఆర్థికంగా చితికి తయారీ మానుకుంది. ఆ మనుషుల కళ్లలో పరికరం మిగిలింది, బాగుచేసే దిక్కు మిగలలేదు. 2024లో న్యూరాలింక్ తొలిసారి మనిషి మెదడులో చిప్ అమర్చింది. కొద్ది వారాలకే దాని సన్నని తీగలలో కొన్ని స్థానం తప్పి వెనక్కి జరిగాయి. ప్రపంచం తొలి వార్తకే ఎక్కువ చప్పట్లు కొట్టింది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు బాధ్యత వహించాలని మన ఫిఖహ్ చెబుతుంది. తన కంపెనీ మూతపడవచ్చని తెలిసీ ఆ మాట దాచి, ఒకరి నాడిలో తీగ పెట్టినవాని బాధ్యత అంతకంటే తక్కువది కాదని నా అభిప్రాయం. అందుకే సంతకానికి ముందు తల్లిదండ్రులు విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో, మరమ్మతు ఖర్చు ఎవరిదో, శిక్షణ ఎక్కడ ఇస్తారో అడిగి, తమకు వచ్చిన తెలుగులోనో ఉర్దూలోనో రాయించుకోవాలి.