పట్టా ఎవరి పేరున ఉంది?

మార్కాపురంలో, గిద్దలూరులో అద్దె ఇంటికోసం తిరిగిన గృహిణులకు వేరే చెప్పనక్కర్లేదు. "నీళ్లొస్తాయా?" అని మనం అడుగుతాం, "పిల్లలెంతమంది?" అని ఇంటివాళ్లు అడుగుతారు! ఊరి చివర కాలనీలో మాత్రం తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి. వానల్లేక, పలకల పని తగ్గి, ఆ ఇంటివాళ్లు హైదరాబాదుకో బెంగుళూరుకో పనులకెళ్లారు. "అది మాకు అద్దెకివ్వచ్చు కదా!" అనిపిస్తుంది. కానీ ఇప్పించేవారెవరు?

ఇంగ్లండులో కౌన్సిల్ ఇళ్లని ఉంటాయి. ఒకరు ఖాళీ చేస్తే జాబితాలో తర్వాతివారికి అద్దెకిస్తారు. 1980 చట్టం వచ్చాక అవి అద్దెకున్నవాళ్లకే అమ్మేయడంతో అక్కడా కరువొచ్చింది లెండి. మన దగ్గర 2006 నాటి ఇందిరమ్మ ఇళ్లయినా, 2020 డిసెంబరులో పంచిన స్థలాలైనా సొంతానికే ఇచ్చారు. అందుకే తాళం పడ్డ ఇల్లు ఇంకొకరి వంతుకు రాదు. చేతులు మారితే చాటుగా మారాల్సిందే.

ఇక్కడే మీరు జాగ్రత్తపడాలి. 2020 పట్టాలు ఆడవారి పేరునే ఇచ్చారు. అంటే సంతకం మీది! పెళ్లి ఖర్చనో, ఆస్పత్రి ఖర్చనో తెల్లకాగితం మీద రాసిచ్చేయకండి. అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇంటి స్థలాలకు మాత్రం పదేళ్లు దాటాక అమ్ముకునే వీలు 2021 సవరణతో వచ్చింది. గడువులోపు కొన్నవారికి హక్కు రాదు, అమ్మిన మీకు సర్కారు మళ్లీ ఇల్లివ్వదు. మీ పట్టాలో ఏ షరతులు రాశారో ఎవరిచేతనైనా చదివించుకోండి. అసలు పట్టా మీ ట్రంకుపెట్టెలో, జిరాక్సు పుట్టింట్లో ఉండనివ్వండి.