ముందు రాసుకోని నాటకం

నాటిక అనగానే మనకు హాస్టల్ వార్షికోత్సవం కోసం నెలరోజులు డైలాగులు బట్టీపట్టి వేసేదే గుర్తుకొస్తుంది. అమెరికా, ఇంగ్లండు, కెనడాలలో ఇంకో రకం ఉంది. దానికి స్క్రిప్టు ఉండదు. ప్రేక్షకుల్లో ఎవరో "బస్టాండు" అనో "పెళ్ళిచూపులు" అనో ఒక మాట ఇస్తారు. నటులు అప్పటికప్పుడు సన్నివేశం అల్లి నవ్విస్తారు. దీన్ని ఇంప్రొవైజేషన్ అంటారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఊరి సంగతులు కలిపి విసిరే మాటలు విన్నవారికి ఇది మరీ కొత్త కాదు. ఈ ఆట ఆడినవారిలో కొందరు మంచి సినిమా రచయితలు, మంచి టీచర్లు అయ్యారు. అదెలాగో నేను చదివినంతలో చెబుతాను.

దీని పుట్టుక గురించి చదువుతుంటే నాకు మన హాస్టళ్ళే గుర్తొచ్చాయి. చికాగో నగరంలో హల్ హౌస్ అనే సేవాసంస్థ 1889లో మొదలైంది. దాని చుట్టుపక్కల ఉండేది పొట్టకూటికి వలస వచ్చిన కుటుంబాలు. అక్కడ శిక్షణ పొందిన వయోలా స్పోలిన్ అనే ఆవిడ తర్వాత పేద పిల్లలతో నాటకాలు వేయించే పని చేపట్టారు. పిల్లలవి రకరకాల భాషలు. ఉపన్యాసాలతో పని జరగదు కాబట్టి ఆటలు తయారుచేశారు. వాటిలో ఒకటి అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఎలా కదిలితే రెండోవారు అలాగే కదలాలి. ధ్యాసంతా ఎదుటివారి మీదే ఉంటుంది కనుక "నన్ను చూసి నవ్వుతారేమో" అన్న బెరుకుకు చోటుండదు. 1963లో ఆమె ఈ ఆటలన్నీ పుస్తకంగా తెచ్చారు.

ఆమె కొడుకు పాల్ సిల్స్ మిత్రులతో కలిసి 1955లో కంపాస్ ప్లేయర్స్, 1959లో సెకండ్ సిటీ అనే బృందాలు పెట్టారు. వీటిలో అసలు సూత్రం ఒకటే: ఎదుటివాడు చెప్పింది ఒప్పుకో, దానికి ఇంకొంచెం చేర్చు. ఒకడు "సార్, సాంబారులో చేప ఈదుతోంది" అన్నాడనుకోండి. రెండోవాడు "కాదురా, అది వంకాయ ముక్క" అంటే కథ అక్కడే చచ్చింది. "మెల్లగా మాట్లాడు, వాళ్ళమ్మ కూడా అందులోనే ఉంది" అంటే కథ నడుస్తుంది.

సినిమా రచయితకు కావలసింది ఇదే. ఒక పాత్ర మాట విన్నాకే రెండో పాత్ర మాట పుట్టాలి. కంపాస్ ప్లేయర్స్‌లో ఆడిన ఎలైన్ మే తర్వాత సినిమాలు రాశారు. 1978 నాటి "హెవెన్ కెన్ వెయిట్" స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అయితే వేదిక మీద తోచిందల్లా రచన అయిపోదు. సెకండ్ సిటీలో అప్పటికప్పుడు ఆడిన వాటిలో జనం నవ్వినవి ఉంచి, మిగతావి కొట్టేసి, మళ్ళీ మళ్ళీ దిద్ది, తర్వాతి ప్రదర్శనకు స్క్రిప్టు చేస్తారు. ఆ కొట్టివేతలోనే రచయిత తయారవుతాడని నా అభిప్రాయం.

ఇక టీచరు సంగతి. కీత్ జాన్‌స్టన్ 1950లలో లండన్‌లోని బాటర్‌సీ అనే కార్మికవాడలో బడిపంతులు. తర్వాత రాయల్ కోర్ట్ థియేటర్‌లో స్క్రిప్టులు చదివే ఉద్యోగం చేస్తూ రచయితలకు, నటులకు ఇంప్రొవైజేషన్ నేర్పారు. ఆయన క్లాసులో తాను నేల మీద కూర్చునేవారట. మీరు సరిగా చేయలేకపోతే తప్పు నాది, ఎందుకంటే నేర్పాల్సింది నేను అని ముందే చెప్పేసేవారట. 1979లో వచ్చిన "ఇంప్రో" పుస్తకంలో ఇది రాశారు. ఈ ఒక్క విషయం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కేవాళ్ళం. సెమినార్‌లో, వైవాలో సమాధానం తెలిసి కూడా భాష తప్పుపోతుందేమోనని నోరు మెదపం. మార్కులు అక్కడే పోతాయి. అద్దం ఆటకు మైకు, మేకప్, డబ్బు ఏమీ అక్కర్లేదు. ఆదివారం స్టడీ అవర్ అయ్యాక వరండాలో ఓ అరగంట చాలు. మొదటి మాట మాత్రం ఐదో తరగతి వాళ్ళనే ఇవ్వమనండి.